గడ్డకట్టిన బస్తాలు

సుద్దపొడి, ఇటుకపొడి, ఎర్రమట్టి అమ్ముతూ ముప్పై ఏళ్ళు గడిపాను. ఇన్నేళ్ళలో చెడ్డ సరుకు ఇమ్మని బతిమాలిన గిరాకీ ఒక్కటే, మా కోడలు.

అంగారకుడి మీద తిరిగే ఆరు చక్రాల బండికి ఇక్కణ్ణుంచి దారి చెప్పడం ఆమె ఉద్యోగం. మూడు నెలలు పనిచేస్తే చాలనుకుని పంపిన బండి ఆరేళ్ళు తిరిగింది. అంత మన్నిక గల సరుకు నా కొట్లో ఒక్కటీ లేదు. అలాంటిది ఇప్పుడు మెత్తటి నేలలో దిగబడింది. చలికాలంలోగా బయటపడి ఎండవైపు వాలు చూసుకుని నిలబడకపోతే దానికి కరెంటు చాలదు, గడ్డకట్టి చచ్చిపోతుంది. ఆఫీసులో అలాంటి బండినే అలాంటి మట్టిలో దింపి, పైకి తెచ్చే ఉపాయం వెతకాలి.

మూడుసార్లు జల్లించిన మొదటిరకం మట్టి పంపాను. సాయంత్రానికి తిరిగొచ్చింది.

"ఇది మరీ మంచిది మావయ్యా. చక్రం హాయిగా వెళ్ళిపోతోంది."

"మంచిదని వెనక్కి తెచ్చినదానివి నువ్వే. నీకు బేరం ఎవరు నేర్పారమ్మా?"

"మీరే! పైన పెచ్చుండాలి, కింద పిండిలా ఉండాలి. ఉందా, లేదా?"

ఉంది. గోదాము కప్పు కారి పైపైన గట్టిపడ్డ నలభై బస్తాలను వెనకగోడ పక్కన టార్పాలిన్ కింద దాచాను. తీసి చూపించాను. ఆమె పొడిస్తే పెచ్చు విరిగి వేలు సగందాకా దిగింది.

"ఇదే! ఇన్నాళ్ళూ దాచారేం?"

"సిగ్గేసి."

నాలుగు నెలలు ఆ మట్టిలో కుస్తీ పట్టారు. అక్కడ బండి జానెడు కదిలింది, నాలుగు వేళ్ళు వెనక్కి జారింది. ఈలోగా చలి వచ్చేసింది. అక్కణ్ణుంచి దాని సంకేతాలు రావడం ఆగిపోయాయి.

కోడలు వచ్చి బస్తా మీద కూలబడింది.

"పోయింది మావయ్యా."

"జీతం అడగలేదు, సెలవు అడగలేదు. మూడు నెలల బేరానికి ఆరేళ్ళు చాకిరీ చేసింది. దండం పెట్టాలమ్మా, ఏడవకూడదు."

ఆమె కళ్ళు తుడుచుకుని ఫోన్‌లో ఫోటో చూపించింది. చక్రాలు గింజుకున్న చోట ఎర్రమట్టి కింద తెల్లటి పొర ఉంది.

"ఒకప్పుడు నీళ్ళుండి ఆరిపోతే మిగిలే లవణం. సాఫీగా నడిచుంటే చూసేవాళ్ళమే కాదు. దిగబడి మరీ చూపించింది." ఫోన్ లోపల పెట్టుకుని అంది: "దాని తమ్ముడు తయారవుతున్నాడు, వెడల్పు చక్రాలతో. ఇంకో అరవై బస్తాలు కావాలి. ఇలాంటివే."

"ఎక్కణ్ణుంచి తేను? కప్పు బాగుచేయించేశానే!"

"అయితే మళ్ళీ కన్నం పెట్టించండి."

ఆ నెలలో ఆమె నవ్వడం అదే మొదటిసారి. బిందెతో నీళ్ళు పోస్తే బురదవుతుంది. చుక్క చుక్కగా పడితేనే పెచ్చు కడుతుంది. మర్నాడు నిచ్చెన వేసి, నా చేతులారా గోదాము కప్పు మీది రెండు రేకుల మేకులు ఊడదీశాను.