మార్చి నెల ఫోటో

పోలీసులు కాల్యిచా అవ్వ గుడారం మీది కంబళ్ళు లాగేస్తుంటే జిపార్ చేతిలో జీపీఎస్ పట్టుకుని పక్కనే నిలబడి ఉంది. ఆమె ఉద్యోగం అదే. పటం మీది హద్దు గీత నేల మీద ఎక్కడుందో చూపించమని జిల్లా భూముల ఆఫీసు ఆమెను ఆక్‌బులుంగ్ కొండ మీదికి పంపింది.

"ఇది లోపలా, బయటా?" ఎస్సై అడిగాడు.

"లోపలే" అంది జిపార్.

అంతే, ఇంకో గుడారం కూలింది. కాగుతున్న పాలు పొయ్యిలోనే ఒలికిపోయాయి. తాతల నాటి నుంచి నలభై మూడు కుటుంబాలు వేసవి మేతకు ఎక్కే కొండ అది. ఇప్పుడు బొగ్గు కాంట్రాక్టరుదట. వాడి దగ్గర కాగితం ఉంది, పటం ఉంది, పటం మీద ముద్ర ఉంది. గొర్రెల కాపరి దగ్గర ఏముంది? ఉత్త నోరు.

"ఎవడమ్మా ఆ గీత గీసినవాడు? వాడి చేతులు పడిపోను" అంది కాల్యిచా, తెగిన తాడు చుట్టుకుంటూ.

జిపార్ జీపీఎస్ తెరకేసి తల వంచింది. గీసింది తనే.

మూడేళ్ళ కిందట ఆఫీసులో హీటరు పక్కన కూర్చుని, ఉపగ్రహం తీసిన ఫోటో చూసి గీసింది. మార్చి నెల ఫోటో. మార్చిలో ఆ కొండ మీద నడుములోతు మంచు. మనిషి లేడు, గొర్రె లేదు, పొగ లేదు. "ఎవరూ వాడని భూమి" అని రంగు వేసేసి ఇంటికెళ్ళి హాయిగా భోంచేసింది. మార్చిలో మందలు కింద ఊళ్ళో ఉంటాయని చంటిపిల్లకి కూడా తెలుసు. ఆమెను కన్నతల్లి గొర్రెల వెంట పెరిగిన మనిషే. అయినా చదువుకున్న జిపార్‌కి ఆ రోజు తట్టలేదు.

నెలకో శనివారం పాలిటెక్నిక్ గదిలో, కంప్యూటరులో పటాలు గీసే జీఐఎస్ పనివాళ్ళ ప్రాంతీయ సంఘం కూడుతుంది. జిపార్‌తో కలిపి పద్నాలుగు మంది. కొత్త సాఫ్ట్‌వేర్ గురించి ఒకరు చెబుతుంటే తక్కినవాళ్ళు నూనెలో వేగిన బూర్సోకు రొట్టెముక్కలు టీలో ముంచుకు తింటారు. చివర్లో ఎవరికో ఒక సర్టిఫికెట్, చప్పట్లు. ఆ గదిలో గొంతెత్తి మాట్లాడినవాడు లేడు. గుడారాలు కూలాక వచ్చిన శనివారం తలుపు తోసుకుని ఇరవై మంది కాపర్లు బురద బూట్లతోనే లోపలికొచ్చారు.

అధ్యక్షుడు సగినాలీ మాస్టారు కంగారుగా లేచాడు. "ఇది వృత్తి సంఘం అమ్మా. మాకు రాజకీయాలు లేవు."

"మాకూ లేవు నాయనా. కొండ ఉండేది" అంది కాల్యిచా.

జిపార్ ఆఫీసులోనే పనిచేసే బాకాస్ నవ్వాడు. "మేం గీసేవాళ్ళం, ఏలేవాళ్ళం కాదు. వెళ్ళి ఏలేవాళ్ళని అడగండి."

"అడిగాం. వాళ్ళు మీ పటం చూపించారు. మీరు వాళ్ళని చూపిస్తున్నారు. మేం మనుషులమా, బంతులమా?" అంది కాల్యిచా.

జిపార్ కుర్చీ పట్టుకుని నిలబడింది. "పటం తప్పు. నేనే గీశాను అవ్వా. కొండెక్కి చూడకుండానే గీశాను."

కాల్యిచా ఆమె దగ్గరికొచ్చింది. "ఆ రోజు నా పక్కనే నిలబడ్డావు కదే" అంది. తిట్టలేదు. తిట్టినా బాగుండునని జిపార్‌కి అనిపించింది.

బాకాస్ నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. "అవతలి లోయ నేను గీశాను. నేనూ ఎక్కలేదు" అన్నాడు తల దించుకుని. ఇంకొకరు "నేనూ" అన్నారు.

"మన లైసెన్సులు సర్కారు చేతిలో ఉన్నాయి. పీక మీద కత్తి" అన్నాడు మాస్టారు.

"మా పీక మీద ఎప్పట్నుంచో ఉంది మాస్టారూ. కాస్త ఇటు జరగండి, మీకూ చోటిస్తాం" అన్నాడు ఒక కాపరి.

కొండెక్కి కొత్త పటం గీయాలని జిపార్ అంది. తొమ్మిది చేతులు లేచాయి. మాస్టారి చెయ్యి లేవలేదు. దించమని కూడా ఆయన అనలేదు.

వేసవంతా సెలవు రోజుల్లో కాంట్రాక్టరు కాపలావాళ్ళ కన్నుగప్పి ఎక్కారు. కాపర్లు ముందు నడిచి చూపిస్తుంటే, ప్రతి పొయ్యి మచ్చా, గుర్రాలను కట్టే ప్రతి గుంజా, ప్రతి సమాధీ కొలిచారు. ఇటు వీళ్ళు కొలుస్తుంటే అటు బుల్‌డోజరు కొలిచిన చోటు తవ్వుకుంటూ వచ్చింది. ఎంత గీసినా ఏం లాభమని జిపార్ రోజూ అనుకుంది, రోజూ గీసింది.

అక్టోబరులో రెండు వందల మంది ఆ పటం పట్టుకుని భూముల ఆఫీసు ముందు నిలబడ్డారు. అధికారి మెట్ల మీదికొచ్చి పటం విప్పనైనా లేదు.

"దేశమంతటికీ మార్చి నెల ఫోటోయే ప్రమాణం. అందులో కనిపించనివాడు లేనట్టే. మళ్ళీ ఫోటో వచ్చే మార్చిలో."

"మార్చిలో అక్కడ ఎవరూ ఉండరని మీకు తెలుసు కదా సార్" అంది జిపార్.

"ఉండనివాళ్ళకి భూమెందుకు? అది సరే, ఈ కొలతలు సర్కారు యంత్రంతో తీశావా?"

"తీశాను."

ఇద్దరు పోలీసులు ఆమె రెక్క పట్టుకున్నారు. "యంత్రం మోసింది నేను" అంటూ బాకాస్ ముందుకొచ్చాడు. "దారి చూపించింది మేము" అని కాపర్లు అరిచారు. లాఠీలు లేచాయి. ఆ తోపులాటలోనే కాల్యిచా, జిపార్‌ని ఎక్కించిన జీపు దాకా వచ్చి కిటికీ పట్టుకుంది.

"ఆ ఫోటోలో పొగ కనిపిస్తుందా అమ్మా?"

జిపార్ కిటికీలోంచి ఆమె చెయ్యి పట్టుకుంది. "కనిపిస్తుంది. మార్చి దాకా పైనే ఉంటారా? వద్దవ్వా. జనవరిలో అక్కడ గుర్రాలే బతకవు."

"రోడ్డు పక్కన బతుకుతున్నామా ఏం?" అంది కాల్యిచా.

మూడో రోజు జిపార్‌ని పట్నం జైలుకి తరలించారు. కొండదారి మలుపులో జీపు ఆగిపోయింది. దారినిండా గొర్రెలు. ఆ నెలలో మందలన్నీ కిందికి దిగుతాయి. ఇవి పైకి పోతున్నాయి. వాటి వెనక కంబళ్ళు కట్టిన గుర్రాలు, ఎండుపేడ బస్తాలు మోస్తున్న ఆడవాళ్ళు. బస్తా కింద వంగిపోయి, ఆగి ఆగి ఎక్కుతూ సగినాలీ మాస్టారు.

ఆపుదామంటే జిపార్‌కి అవ్వ అన్న మాట గుర్తొచ్చింది. వెంట వెళదామంటే చేతులకి బేడీలు. వీళ్ళలో ఎందరు తిరిగి దిగుతారోనని ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది. డ్రైవరు హారన్ కొట్టాడు. ఎవరూ తప్పుకోలేదు. మళ్ళీ కొట్టాడు. చివరికి ఇంజను ఆపేసి, వాళ్ళంతా దాటేదాకా కూర్చున్నాడు.