ఖర్కాయిలో వదిలిన చీర ముక్క

దాలమ్మది మంచి మనసే. ఆ మంచి మనసుతో చేసిన పనే ఆవిడ కొంప ముంచింది.

వలస వచ్చిన తెలుగువాళ్ళుండే భాలుబాసాలో ఒక చిన్న పిల్లల బడిలో ఆయాగా చేస్తుందావిడ. బడంటే రెండు గదులూ ఒక వరండా, పద్దెనిమిది మంది పిల్లలు. చక్రాల కుర్చీలో వచ్చే కౌశిక్, మాట రాని ప్రియ, కళ్ళు కనిపించని నేహ, ఏ ఇబ్బందీ లేని గడుగ్గాయిలు, అందరూ ఒకే చాప మీద కూర్చోవలసిందే. అది కుసుమకుమారి టీచరు పట్టుదల. ఆవిడ పెట్టిన పద్ధతుల్లో ఒకటి చూసి దాలమ్మ మొదట్లో ముక్కున వేలేసుకుంది. గోడకు వరసగా కొక్కేలు. ఒక్కో కొక్కేనికి ఒక్కో పిల్ల తల్లి కట్టి విడిచిన చీరలోంచి అరచేతి వెడల్పు ముక్క. దాన్ని ఉతకకూడదు. పిల్ల బెంగపడి ఏడిస్తే ఆ ముక్క చేతికివ్వాలి.

"ఇదేటి సోద్దెం టీచరమ్మా, మాసిన గుడ్డలు గోడకేలాడదీసీసి!" అంది దాలమ్మ.

"అమ్మ వాసన దాలమ్మా. అది దగ్గరుంటే పిల్లలకు ధైర్యం. చూస్తూ ఉండండి," అంది టీచరు.

నిజమే. ఎంత రాగం తీసే పిల్లయినా ఆ ముక్క ముక్కుకు ఆనించుకుంటే రెండు నిమిషాల్లో ఊరుకునేది. నెల తిరిగేసరికి కొత్తగా వచ్చిన తల్లులకు దాలమ్మే ఈ సంగతి గొప్పగా చెప్పడం మొదలుపెట్టింది.

నాలుగేళ్ళ నేహ మనుషుల్ని వాసనతోనే పోల్చుకునేది. మధ్యాహ్నం అన్నం ముందు తన నీలం ముక్క ఒకసారి వాసన చూసుకుని, అప్పుడు నోరు తెరిచేది. తినిపించేది దాలమ్మే. తింటున్నంతసేపూ దాలమ్మ కుచ్చిళ్ళు పట్టుకుని, 'దాలమ్మ ఆంటీ' అంటూ ఒకటే కబుర్లు. కొడుకులిద్దర్నీ పెంచినా, ఆడపిల్ల లేని దాలమ్మకు ఆ కబుర్లంటే ప్రాణం.

వానాకాలం మొదట్లో ఒక శనివారం నేహను తీసుకెళ్ళడానికి తండ్రి పైడిబాబు వచ్చాడు. ఆదిత్యపూర్‌లో లేతు మిషను మీద పని అతనిది.

"ఏటి బాబూ, దీని అమ్మ ఒక్కపాలైనా రాదేటి?" అంది దాలమ్మ.

"ఏడాదైపోనాది పిన్నీ, అది పోయి. టీచరమ్మకి తెలుసు. ఆ నీలం ముక్క ఆకరిరోజు కట్టుకున్న సీర్లోదే. మిగతాయన్నీ ఇచ్చీసినాం."

దాలమ్మ చప్పున కొక్కెం వైపు చూసింది. చచ్చిపోయిన మనిషి ఒంటిమీది బట్ట! అదీ పసిపిల్ల ముక్కుకి! వాళ్ళ వైపు అలాంటి బట్టను చాకలికిచ్చేస్తారు, లేదా నీళ్ళలో వదిలేస్తారు. గుమ్మం లోపల మాత్రం ఉంచరు. పోయినావిడకి పిల్ల మీద ఆశ తీరదు, పిల్లనీ తనతో లాక్కుపోతుంది. టీచరమ్మకి చెబితే నవ్వుతుంది. అంచేత దాలమ్మ ఎవరికీ చెప్పలేదు. ఆ సాయంత్రం ముక్క తీసి, చిటికెడు పసుపుతో, గుప్పెడు బియ్యంతో కలిపి మూటగట్టి, షేర్ ఆటో దిగి ఖర్కాయి నది వంతెన మీంచి వదిలేసింది.

"తల్లీ, నీ దారిన నువ్వెల్లిపో. పిల్లని నాను సూసుకుంతాను," అని దణ్ణం పెట్టింది.

నది నిండుగా పోతోంది. మూట మాత్రం కొట్టుకుపోలేదు, మునగలేదు. వంతెన స్తంభం దగ్గర అక్కడక్కడే చాలాసేపు తిరిగింది. దాలమ్మ చివరిదాకా చూడకుండా వచ్చేసింది.

సోమవారం కొక్కేనికి దాలమ్మ అలాంటి నీలం ముక్కే ఇంకోటి తగిలించింది. నేహ దాన్ని ముక్కుకు ఆనించుకుని, "ఇది కాదు," అని తిరిగిచ్చేసింది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. కొక్కేల కింద గోడకు చేరగిలబడి కూర్చుంది, మెతుకు ముట్టలేదు. మర్నాడూ అంతే. ఇంట్లో తండ్రి బతిమాలితే కాసిని పాలు తాగుతోందంతే.

"ఎవరైనా ఉతికారా దీన్ని?" అని టీచరు అడిగింది.

"నాకేటి తెల్సు టీచరమ్మా," అంది దాలమ్మ.

గురువారం పైడిబాబు వచ్చి చేతులెత్తేశాడు. "ఇంక నా వల్ల కాదు టీచరమ్మా. ఆదివారం టెక్కలి అట్టుకెల్లి వాళ్ళమ్మమ్మ కాడ ఒదిలేత్తాను."

"అక్కడ ఇలాంటి బడి లేదు పైడిబాబూ. ఇప్పుడిప్పుడే నలుగురితో ఆడుతోంది. శనివారం దాకా చూడండి," అంది టీచరు. దాలమ్మ చీపురు పట్టుకుని తలుపు వెనకాలే నిలబడిపోయింది.

శుక్రవారం మధ్యాహ్నం ఎవరూ చెప్పకుండానే ప్రియ లేచింది. తన కొక్కెం మీది ముక్క తెచ్చి నేహ ముక్కు దగ్గర పెట్టింది. దాని వెనకాల కౌశిక్ కుర్చీ తోసుకుంటూ వచ్చాడు. ఆ తర్వాత అందరూ. తమ తల్లిని తలా కాస్త ఇవ్వడానికి వచ్చారు పసివాళ్ళు. నేహ ఓపిగ్గా అన్నీ వాసన చూసి, "యే కౌశిక్ కీ మమ్మీ... యే ప్రియా కీ," అంటూ ఎవరి అమ్మ ముక్క వాళ్ళకు వెనక్కిచ్చేసింది. దాలమ్మకు ఏడుపు ఆగలేదు. అన్నం గిన్నెతో ముందుకొచ్చింది.

నేహ చటుక్కున తల తిప్పింది. "అమ్మా!" అంది.

చేతికందిన దాలమ్మ పైటలో మొహం దాచేసుకుంది. అప్పుడు తగిలింది దాలమ్మకు కూడా, మెంతులు వేసి కాచిన కొబ్బరినూనె వాసన. దాని వెనకాల ఏటి బురద వాసన. తలకు నూనె రాయడం మానేసి ఎన్నేళ్ళయిందో దాలమ్మకే గుర్తు లేదు.

నేహ గిన్నెడన్నం తినేసింది. "ఏం చేశారు దాలమ్మా?" అని టీచరు మురిసిపోయింది.

ఇంటికెళ్ళి చీర సబ్బు పెట్టి బాదింది. ఒళ్ళు పీచుతో రుద్దుకుంది. మర్నాడు వేరే చీర కట్టింది. అన్నం వేళకు మళ్ళీ అదే వాసన. చీరలోంచి కాదు, తన ఒంట్లోంచే వస్తోంది. టెక్కలి ప్రయాణం ఆగిపోయింది.

వారం తర్వాత సాయంత్రం నేహ తల దువ్వుతుంటే దాలమ్మ వేళ్ళు వాటంతటవే కదిలాయి. ఒకదాని కింద ఒకటి దూర్చి నాలుగు పాయల జడ అల్లేశాయి. మగపిల్లల తల్లి, జన్మలో అలాంటి జడ వేసి ఎరగదు. అప్పుడే వచ్చిన పైడిబాబు గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఈ జడ ఎవరల్లినారు పిన్నీ?"

"నానే బాబూ."

"ఇది దాని అమ్మకి తప్పించి మరెవలికీ రాదు."

ఇంక ఆగలేకపోయింది దాలమ్మ. గుడ్డ సంగతీ, ఏటి సంగతీ, ఆడిన అబద్ధమూ అన్నీ కక్కేసింది. అతను తిట్టలేదు. ఆవిడ మొహంలోకి ఎవరినో వెతుక్కుంటున్నట్టు చూశాడు.

"బాగున్నావా?" అని నెమ్మదిగా అడిగాడు.

ఆ అడిగింది తనను కాదని దాలమ్మకు తెలుసు. పైట నెత్తిన కప్పుకుని లోపలికి పరిగెత్తింది.

అంతా విన్న టీచరు నవ్వలేదు, కోప్పడలేదు. "నాతో ముందే చెప్పాల్సింది దాలమ్మా. భయంగా ఉంటే సెలవు పెట్టండి. నేహకి వేరే దారి నేను వెతుకుతాను. మీరు బాగుండాలి కదా," అంది.

దాలమ్మ తోడికోడలు జోగమ్మ ఊరుకుంటుందా? ఆదిత్యపూర్‌లో దయ్యాలు వదిలించడంలో పేరున్న గుణియాను మాట్లాడేసింది. ఆదివారం పొద్దున వెళ్ళి తాడు కట్టించుకుంటే ఆ పట్టినది వదిలిపోతుందట.

"మరి పిల్ల?" అంది దాలమ్మ.

"ఎవల్దో పిల్ల నీకెందుకే?"

ఆదివారం దాలమ్మ స్నానం చేసి, చెప్పులేసుకుని, గుమ్మం దాకా వచ్చింది. భయం లేదని కాదు. కానీ రేపు సోమవారం మధ్యాహ్నం నేహ ఖాళీ కడుపుతో గోడకు చేరగిలబడి కూర్చోవడం కళ్ళకు కట్టింది. చెప్పులు విడిచేసింది. బయట జోగమ్మ ఎంత పిలిచినా వెళ్ళలేదు.

సోమవారం నేహ బాగా ఆడింది. కౌశిక్ కుర్చీ తోస్తూ వరండా అంతా తిరిగింది, పగలబడి నవ్వింది. అన్నం వేళకు వచ్చి దాలమ్మ ఒళ్ళో కూర్చుంది. నాలుగు ముద్దలు తిని, ఐదో ముద్దకు నోరు తెరవలేదు. అటూ ఇటూ మొహం తిప్పి గాలి పీల్చింది.

"ఏటమ్మా?" అంది దాలమ్మ.

"దాలమ్మ ఆంటీ రావట్లేదేటి?" అంది నేహ. "నా మీద గుస్సా అయిందా అమ్మా?"

దాలమ్మ చేతిలో ముద్ద ఆగిపోయింది. ఇక్కడే ఉన్నానని గట్టిగా అరవాలనిపించింది.

"కోపం ఏటీ లేదు తల్లీ. వత్తాది," అంది. "ముందు నువ్వు తిను."