ఒంటి చుక్క

మామయ్య రాసిన ప్రోగ్రాంలో తప్పుందని ఎవరైనా అంటే, ఆయన ముందు వాళ్ల చదువు గురించీ, ఆ తర్వాత వాళ్ల పెంపకం గురించీ ఆరా తీస్తాడు. అలాంటి మనిషికి, నీ ప్రోగ్రాంలో మూడొందల పైచిలుకు వార్నింగులున్నాయని మెయిలొచ్చింది. అది చదివిన పూట ఆయన కాఫీ తాగలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు, ప్రింటర్ మీద దుమ్ము కూడా తుడవలేదు. ఆ ఇంట్లో ప్రింటర్ మీద దుమ్ము తుడవలేదంటే చాలా పెద్ద విషయమే.

ప్రోగ్రాం పేరు చుక్క. మామూలుగా టైపు చేసిన తెలుగుని బ్రెయిలీ చుక్కలుగా మార్చి, మందపాటి కాగితం మీద చుక్కలు పొడిచే ప్రింటర్‌కి పంపుతుంది. పెళ్లయిన కొత్తలో మామయ్య దాన్ని సి భాషలో రాశాడు. అత్తయ్యకి పుట్టుకతోనే చూపు లేదు. ఉన్నదల్లా చదువు పిచ్చి. బ్రెయిలీలో దొరికే తెలుగు పుస్తకాలేమో ఆమెకి ఒక మూలకి రావు. కొందరు పెళ్లానికి నగలు చేయిస్తారు, మామయ్య ప్రోగ్రాం రాశాడు. ఆ తర్వాత, ఇంత కష్టం ఒక్క మనిషికే ఎందుకని సోర్సంతా నెట్‌లో పెట్టేశాడు. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా దిద్దొచ్చు. వాడుకునే బళ్లూ లైబ్రరీలూ బోలెడు. దిద్దనిచ్చింది మాత్రం ఎవర్నీ లేదు.

మెయిల్ రాసింది ఇలాంటి ఉచిత ప్రోగ్రాములన్నిటినీ ఒకచోట చేర్చి అందరికీ అందించే సంఘంవాళ్లు. బళ్లకి చుక్క వాళ్ల ద్వారానే వెళ్తుంది. ఇకనుంచి ప్రతి ప్రోగ్రాంనీ స్టాటిక్ ఎనలైజర్‌తో చూపిస్తున్నామనీ, అది ఎత్తిచూపినవి నెలాఖరుకల్లా సరిచెయ్యకపోతే చుక్కని తీసెయ్యాల్సి వస్తుందనీ మర్యాదగానే రాశారు.

స్టాటిక్ ఎనలైజర్ అంటే ప్రోగ్రాంని నడిపి చూడకుండా, ఊరికే చదివి, ఇక్కడ అనుమానం అక్కడ అనుమానం అని చెప్పే సాధనం. కూర నోట పెట్టకుండానే గిన్నె చూసి మూతి తిప్పే వియ్యపురాలి బాపతు. మామయ్య దానికి ఆ పేరే ఖాయం చేశాడు. వంకలేనమ్మ డొంక పట్టుకుని ఏడ్చిందన్నట్టు, ఇన్నేళ్లుగా నడుస్తున్న ప్రోగ్రాంకి ఇప్పుడు వంకలేమిటని ఆయన బాధ.

ఆ వియ్యపురాలి సంగతి తేలుస్తానని నడుం కట్టింది మేనకోడలు. ఇంటిల్లిపాదీ ఆమెని పిచ్చుకంటారు, గుప్పెడు మనిషీ గంపెడు మాటలూ కాబట్టి. లిఫ్టులు తయారుచేసే కంపెనీలో అదే సి భాషలో ఉద్యోగం. చిన్నప్పటి సెలవులన్నీ ఈ ఇంట్లోనే గడిచాయి. సి నేర్పింది మామయ్య, కథలు చదివి పెట్టింది అత్తయ్య. లైటార్పేశాక కూడా అత్తయ్య దుప్పటి కింద వేళ్లు నడిపిస్తూ కథ చదువుతూనే ఉండేది. లైటార్పితే కథ ఆగిపోయే ఇళ్లలో పిల్లలెలా బతుకుతారో అని పిచ్చుక అప్పట్లో జాలిపడేది. ఇప్పటికీ ఆమెకి అమ్మ తర్వాత అమ్మ అత్తయ్యే.

మొదట్లో పని సాఫీగానే సాగింది. వార్నింగుల్లో చాలావరకు చిల్లరవే. పేరు పెట్టి వాడకుండా వదిలేసినవి, తెరిచి మూయడం మరిచినవి. ఒకటి రెండు మాత్రం నిజంగా ప్రమాదం. ఒకచోట పేరా మరీ పొడుగైతే ప్రోగ్రాం తనది కాని మెమరీలోకి వెళ్లి రాసేస్తోంది. అది చూపిస్తే, అంత పొడుగు పేరా రాసినవాణ్ణి అనాలి గానీ నన్నంటావేమని మామయ్య ఎదురు తిరిగాడు. ఇదెందుకు, అదెందుకని పిచ్చుక అడిగేకొద్దీ ఆయన మొహం ముడుచుకుపోయింది. ఒక ఆదివారం ఇక తట్టుకోలేక, నన్నెందుకు అడుగుతావు, పోయి ఆ వియ్యపురాలినే అడుగు అనేసి, కుర్చీ తీసుకుని బాల్కనీలోకి వెళ్లి, గుమ్మానికి వీపు పెట్టి కూర్చున్నాడు.

ఆ పూటే అసలు చోటు తగిలింది. సి భాషలో ఏ అక్షరం వస్తే ఏం చెయ్యాలో మెట్లు మెట్లుగా రాస్తారు. మెట్టు చివర బ్రేక్ అని రాస్తే అక్కడికి ఆగుతుంది. రాయకపోతే కింది మెట్టు మీద పడి అక్కడి పని కూడా చేసేస్తుంది. బ్రేక్ మరిచిపోయేవాళ్లు ఎక్కువ కాబట్టి, అది లేనిచోటల్లా వియ్యపురాలు ముక్కు విరుస్తుంది. ఇక్కడా బ్రేక్ లేదు. పక్కన మామయ్య తన కోసం రాసుకున్న ముక్క ఒకటుంది. ఆయన ఆ రోజుల్లో తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాడు, దీర్ఘానికి రెండక్షరాలు దండగని నమ్మేవాడు. ఆ ముక్క ఇది: kindaki padani.

కిందకి పడని, అని చదువుకుంది పిచ్చుక. ఇది కిందకి పడని మెట్టన్నమాట. పడకూడదని రాసుకున్నాడు గానీ, పాపం, బ్రేక్ పెట్టడం మరిచాడు. అడుగుదామని బాల్కనీ వైపు చూసింది. మామయ్య వీపు కనిపించింది. ఆ వీపుని చూశాక ఎవరికైనా నోరు పెగలదు. తనే బ్రేక్ పెట్టేసింది. వార్నింగు పోయింది.

ఆ ఇంట్లో ఒక పద్ధతుంది. కొత్త చుక్క గడప దాటే ముందు ఒక పేజీ ప్రింటు తీసి అత్తయ్య చేతికిస్తారు. ఆమె వేళ్లు ఊఁ అంటేనే అది బయటికి వెళ్తుంది. ప్రోగ్రాంకి సరైన టెస్టులు రాయమని పిచ్చుక ఎన్నిసార్లు పోరినా, మన టెస్టు సోఫాలో కూర్చుంది చూడు అనేవాడు మామయ్య. ఆ ఆదివారం అత్తయ్య చెల్లెలింట్లో ఉంది. గడువు మర్నాడే. పిచ్చుక పంపేసింది. సంఘంవాళ్లు థాంక్స్ చెప్పి చుక్కని ఉంచేశారు. ఆ కబురుతో మామయ్య అలక కూడా తీరి, కొత్త చుక్కని ఇంటి కంప్యూటర్‌లో ఎక్కించుకుని, అత్తయ్య వచ్చేసరికి ఒక నవల మొత్తం ప్రింటు తీసి స్టూలు మీద పెట్టాడు.

మళ్లీ పిచ్చుక వచ్చేసరికి ఆ నవల స్టూలు మీదే ఉంది. అత్తయ్య సోఫాలో ఖాళీ చేతులతో కూర్చుని ఉంది. ఆమె ఒళ్లో కాగితం లేకుండా పిచ్చుక ఎన్నడూ చూడలేదు. మామయ్య బజారుకెళ్లాడని రూఢి చేసుకున్నాక, అత్తయ్య తలుపు దగ్గరకి వెయ్యమంది.

"నన్నొకసారి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లవే. మామయ్యకి చెప్పకు."

షుగరు వచ్చిన కొత్తలోనే డాక్టర్ చెప్పాడట, ముందు ముందు వేళ్ల కొసల్లో స్పర్శ తగ్గొచ్చు, కనిపెట్టుకుని ఉండమని. ఆ రోజు వచ్చేసిందని అత్తయ్య అనుకుంటోంది. తెలుగు బ్రెయిలీలో ఒత్తు వచ్చినచోట అక్షరానికి ముందు ఒంటి చుక్క ఒకటి వేస్తారు. పక్కన తోడుండదు కాబట్టి చుక్కలన్నిటిలోకీ వేలికి పల్చగా తగిలేది అదే. ఈ నవలలో అది తగలడం లేదు. అమ్మ అన్నచోట అమమ తగులుతోంది, అక్క అన్నచోట అకక. ముందు పల్చటివే పోతాయి, ఆ తర్వాత మిగతావీ పోతాయి. ఇదంతా ఆమె వేరే ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పింది, చేతులు మాత్రం చీర కుచ్చిళ్లలో దాచుకుంది. చదువు పోతే అత్తయ్యకి ఇంకేం మిగులుతుందో పిచ్చుకకి తెలుసు.

పాత పుస్తకం ఏదైనా పట్టుకుని చూశావా అని అడిగింది పిచ్చుక.

"లేదే. భయమేసింది. అందులోనూ తగలకపోతే?"

పిచ్చుకకి వేళ్లతో చదవడం రాదు గానీ, చుక్కల్ని కంటితో పోల్చుకోగలదు. పేజీని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ఏటవాలుగా పట్టుకుంది. మిగతా చుక్కలన్నిటికీ చిన్న చిన్న నీడలు పడుతున్నాయి. ఒత్తుండాల్సిన చోట నున్నటి కాగితం. ఆమెకి కిందకి పడని మెట్టూ, అక్కడ తను పెట్టిన బ్రేకూ గుర్తొచ్చాయి.

చుక్క కాగితం మీదే లేదని చెబితే అత్తయ్య నమ్మలేదు. "నా మీద జాలితో అబద్ధాలాడకు. ఆయన చుక్క ఇన్నేళ్లలో ఒక్కసారీ తప్పలేదు" అంది.

అంతలో మామయ్య సంచితో లోపలికొచ్చాడు. పిచ్చుక ఆయన్ని చెప్పులైనా విప్పనివ్వకుండా కంప్యూటర్ ముందుకి లాక్కెళ్లి, ఆ మెట్టు చూపించి, ఈ పడని ఏమిటని అడిగింది.

"పడని ఏంటే? పడనీ. కిందకి పడనీ, ఆపొద్దు అని. పై మెట్టులో ఒత్తక్షరం సిద్ధం చేసుకుంటే, కింది మెట్టులో దాని ముందు చుక్క పెడతాం. పడకపోతే చుక్కెలా వస్తుంది?"

"మరి దీర్ఘం ఏది మామయ్యా?"

"నేను రాసుకుంది నాకు దీర్ఘంతోనే వినపడుతుంది" అంటూ తెరవైపు వంగిన మామయ్య, అక్కడ బ్రేక్ చూసి ఆగిపోయాడు. అది ఎవరు పెట్టారో అడగాల్సిన పని లేదు. బళ్లన్నిటికీ ఇలాగే వెళ్లిందా అని మాత్రం అడిగాడు. వెళ్లిందని పిచ్చుక తలూపింది.

"అయితే నా వేళ్లు బాగానే ఉన్నాయా?" అంది అత్తయ్య సోఫాలోంచి.

మామయ్య చటుక్కున తిరిగాడు. "నీ వేళ్లకేమైంది?"

చెప్పక తప్పింది కాదు. పిచ్చుకే చెప్పింది, తన తప్పుతో సహా, ఏడుస్తూ. మామయ్య ఆమెని పక్కకి జరగమన్నాడు. బ్రేక్ తీసేశాడు, తనే కూర్చుని రెండు వాక్యాలు కొట్టి ప్రింటుకిచ్చాడు. ప్రింటర్ టకటకలాడి కాగితం బయటికి తోసింది. దాన్ని తీసుకెళ్లి అత్తయ్య ఒళ్లో పెట్టాడు. ఆమె కాసేపు ముట్టుకోలేదు. తర్వాత చూపుడువేలు కాగితం అంచు నుంచి మెల్లగా నడిచింది.

"పిచ్చుక తప్పు చేసింది" అని చదివింది. ఒత్తు వచ్చినచోటల్లా వేలు వెనక్కెళ్లి మళ్లీ తడుముకుంది. "అత్తయ్య వేళ్లు చక్కగా ఉన్నాయి." ఆ వాక్యాన్ని మూడోసారి చదివేసరికి ఆమె నవ్వుతోంది, చెంపలు తడిసిపోయి ఉన్నాయి.

ఇక పిచ్చుక మిగతా పనికి కూర్చుంది. అక్కడ ఆగకుండా పడటం కావాలనే చేసిందని వియ్యపురాలికి అర్థమయ్యే భాషలో రాసి, పక్కన మామయ్య మాటని దీర్ఘంతో ఉంచి, దిద్దిన చుక్కని పంపింది. తప్పు తనదేనని పదిమందీ చూసేచోట తన పేరుతో రాసింది. అప్పటికే ఒక బడి నుంచి మెయిలొచ్చి ఉంది. పిల్లలు పుస్తకంలో ఉన్నట్టే చదువుతామని పట్టుబట్టి, వారం నుంచీ టీచరమ్మని టీచరమమ అంటున్నారట.

వెనక సోఫా దగ్గర మామయ్య గొంతు నెమ్మదిగా వినిపించింది. "నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మీరు తిండీ నిద్రా మాని చుక్కల్ని లావు చేస్తూ కూర్చుంటారు. అయినా, మీ చుక్క ఎప్పుడూ తప్పలేదు. ఇక తప్పితే నేనే కదా తప్పాలి."

"తప్పకపోవడమేంటి? నేను పేజీ ఇచ్చిన ప్రతిసారీ ఎన్ని పట్టుకునేదానివో మరిచిపోయావా? గడప దాటకముందే నువ్వు పట్టుకున్నావు కాబట్టి లోకానికి తెలియలేదు, అంతే."

డాక్టర్ దగ్గరికి ఎలాగూ వెళ్దామన్నాడు మామయ్య. షుగరు అబద్ధం కాదు, ఆ డాక్టర్ చెప్పిందీ అబద్ధం కాదు. అది ముగ్గురికీ తెలుసు.

"నిజంగా ఆ రోజు వస్తే ముందు నాకే చెప్పు."

"చెబితే ఏం చేస్తారు?"

మామయ్య దగ్గర దేనికైనా ఒక ప్రోగ్రాం ఉంటుంది. పిచ్చుక తల తిప్పకుండా చెవులు రిక్కించింది. ఆయన చాలాసేపు ఆలోచించాడు.

"పక్కన కూర్చుని చదువుతాను" అన్నాడు.

"మీరా? సగం అక్షరాలు మింగేస్తారు."

"నేర్చుకుంటాను."

సోఫా కిర్రుమంది, అత్తయ్య జరిగి చోటిస్తోంది. మామయ్య తన ఫోన్‌లో నవల తెరిచి, గొంతు సవరించుకుని, మొదటి వాక్యం చదివాడు. అత్తయ్య ఆయన్ని అక్కడే ఆపింది.

"ఒత్తు పలకలేదు. మళ్లీ చదవండి."

మామయ్య మళ్లీ చదివాడు.