ఫెన్యోకి తోలుకొచ్చిన ఆవు

మొఆగీ పార్లమెంటుకి ఐదుసార్లు గెలిచాడు. ఐదుసార్లూ అతని చేతిలో ఓడింది ఒక్కడే, ఫెన్యో. ఆ పేరుకి వాళ్ల భాషలో గెలుపని అర్థం. దానిమీద వేయాల్సిన జోకులన్నీ లెట్స్వానెంగ్ ఊళ్లో ఎప్పుడో వేసేశారు. బోట్స్వానాకి స్వాతంత్ర్యం వచ్చిన దగ్గర్నుంచీ ఒకే పార్టీ ఏలుతున్న రోజులవి. మొఆగీ ఆ పార్టీవాడు. ఫెన్యో లెక్కల మాస్టారు. ఎన్నికల్లో నిలబడడానికి ఉద్యోగం వదులుకుని, మేకలు పెంచుకుంటూ, డొక్కు వ్యానుకి మైకు కట్టుకుని, ఎన్నికలున్నా లేకున్నా ప్రతి శనివారం మైదానంలో మాట్లాడేవాడు.

అతనంటే మొఆగీకి కడుపుమంట. అది భార్య కెసెగోకి తప్ప ఎవరికీ తెలీదు.

ఒక ఎండాకాలం ఊరి బోరు పాడైంది. జనం ఫెన్యోతో అర్జీ రాయించారు. ఆ అర్జీ పట్టుకుని మొఆగీ రాజధాని గాబరోన్‌లో పది ఆఫీసుల చుట్టూ తిరిగి కొత్త మోటారు తెచ్చాడు. నీళ్లు పడ్డ రోజున ఆడవాళ్లంతా ఫెన్యో ఇంటికెళ్లి పాటలు పాడారు. చావు ఇళ్లలోనూ అంతే. మొఆగీ మాట్లాడడానికి లేస్తే మగవాళ్లు మాంసం ఉడికిందో లేదో చూడ్డానికి కుండల వైపు పోయేవాళ్లు. ఫెన్యో లేస్తే గరిటె పట్టుకున్నవాడు కూడా వచ్చి నిలబడేవాడు.

ఆరో ఎన్నికలు ఇంకా నాలుగు నెలలున్నాయనగా, మోకాళ్లు సహకరించడం లేదు, ఇక నిలబడనని ఫెన్యో మైదానంలో చెప్పేశాడు. కెసెగో ఆ కబురు తెచ్చి, ఇక నీకు అడ్డులేదంది.

"ఎంతమంది వచ్చారు?" అన్నాడు మొఆగీ.

"మైదానం పట్టలేదు. అందరూ కలిసి ఒక ఆవుని తోలుకొచ్చి ఇచ్చారు."

"ఎలాంటి ఆవు?"

"చూడి ఆవు," అంది కెసెగో, అతని మొహంలోకి చూడకుండా.

ఆ పూట మొఆగీ అన్నం ముందు నుంచి లేచిపోయాడు. పొద్దున్నే కారు తీసి ఫెన్యో ఇంటికెళ్లాడు. ఫెన్యో మేకని ఒడిసిపట్టుకుని పెరిగిన గిట్టలు కత్తిరిస్తున్నాడు. దొడ్లో ఎర్రావు కనబడుతూనే ఉంది. మొఆగీ దానికేసి చూడకూడదనుకుని చూశాడు.

"ఏం చేశావయ్యా వీళ్లకి?" అన్నాడు, కూర్చోకుండానే.

"ఏమీ చెయ్యలేదు. చెయ్యనిచ్చిందెప్పుడు? కూర్చుని విన్నాను, అంతే. నీకు తీరికుండదు, నాకుంటుంది."

"మరి ఓట్లెందుకు వెయ్యరు నీకు?"

ఫెన్యో మేకని వదిలేసి చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. "కిందటిసారి ఒక ముసలమ్మ నా చెయ్యి పట్టుకుని ఏమందో తెలుసా? నువ్వు కూడా అక్కడికెళ్లిపోతే మాకిక్కడ ఎవరున్నారు నాయనా, అంది. నవ్వాను. ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చాను." దొడ్డి వైపు చెయ్యి చూపించి అన్నాడు: "ఆ ఆవుని చూస్తున్నావుగా, తోలుకుపో. నువ్వు కూర్చునే ఆ సభలో ఒక్క పూట, ఒక్క ప్రశ్న, నా నోటితో అడగనిచ్చి ఉంటే నా మేకల మందంతా ఇచ్చేసేవాణ్ణి."

మొఆగీకి గుండెల మీద నుంచి ఏదో దిగిపోయినట్టయింది. అప్పుడు కూర్చున్నాడు. టీ అడిగి తాగాడు. మోకాళ్లకి మంచి డాక్టరున్నాడని చెప్పాడు. దారంతా ఈలవేసుకుంటూ ఇల్లు చేరాడు.

అక్టోబరులో ఎవరో కుర్రాడి మీద ఎప్పుడూ రానంత మెజారిటీతో గెలిచాడు. ప్రమాణస్వీకారానికి ఫెన్యోని తన కార్లోనే గాబరోన్ తీసుకెళ్లి, పైన సందర్శకుల వరసలో మంచి చోటు చూసి కూర్చోబెట్టాడు. పాత ప్రత్యర్థికి ఎంత గౌరవమిచ్చాడోనని ఊరంతా మెచ్చుకుంది.

ఫెన్యో పక్క కుర్చీలోనే ఉన్న కెసెగో మాత్రం మెచ్చుకోలేదు. ప్రమాణం చదువుతున్నంతసేపూ మొగుడు తలెత్తి పైకి చూస్తూనే ఉండడం, ఫెన్యో కళ్లు దించుకుని టోపీ అంచు నలుపుతూ ఉండడం ఆమె చూసింది.