గుడ్డకి రెండో కొస

దయ్యాల విషయంలో నా అంత మొండివాడు బందరు చుట్టుపక్కల ఎక్కడా లేడు. పాతికేళ్ళ వయసులో కృత్తివెన్ను ఉప్పు మళ్ళ గట్టు మీద కొరివి దెయ్యం ఎదురైతే, "ఉండవే, తర్వాత వెళుదువుగాని" అని ఆపి, దాని కొరివితో బీడీ అంటించుకుని మరీ పంపించాను. అందుకని నేనేదో భయపడి ఈ కథ చెబుతున్నాననుకోకండి. కావలిస్తే మీరు భయపడండి, నాకేం అభ్యంతరం లేదు.

కథ శోభనాద్రిది. పెడనలో మా పక్కిల్లే. అద్దకం పనిలో చెయ్యి తిరిగినవాడు. చెక్క అచ్చుని రంగులో అద్ది, గుడ్డ మీద పెట్టి, గుప్పిటతో ఒక్క గుద్దు గుద్దాడంటే పువ్వు పక్కన పువ్వు వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చునేది. అయితే నలభయ్యేళ్ళు అచ్చులు చూసి చూసి అతని కన్నే తిరగబడిపోయింది. అచ్చులో ఎడమకి చూసే చిలక గుడ్డ మీద కుడికి చూస్తుంది కదా. అందుకని ఏ బొమ్మ చూసినా ముందు మనసులో తిరగేసుకుంటే గానీ అతనికి తృప్తి ఉండేది కాదు. సినిమా వాల్‌పోస్టర్లో కత్తి దూసిన హీరోని చూసి, "పాపం, ఎడం చేతివాటం" అని జాలిపడేవాడు.

వాళ్ళింట్లో అచ్చు వెయ్యడం అతని వంతు. ఉడికించిన గుడ్డని కాలవలో జాడించడం భార్య రామలక్ష్మి వంతు. పారే నీళ్ళలో గుడ్డని పొడుగ్గా పరిచి ఇద్దరు చెరో కొసా పట్టుకోవాలి. ఎక్కువైన రంగు నీళ్ళతో పోతుంది. గట్టు వైపు కొస రామలక్ష్మిది. లోతు వైపు కొస ఆమె తమ్ముడు అంకమ్మరావుది. వాడు పరాకు మనిషి. కొంగలు ఎగురుతుంటే నోరు తెరుచుకుని చూస్తూ కొస వదిలేసేవాడు. ఒకరోజు అలా నాలుగు దుప్పట్లు కొట్టుకుపోయాయి.

"గుడ్డ కొస పట్టుకోవడం చేతకానివాడికి కూడెందుకురా?" అన్నాడు శోభనాద్రి, వాడు కంచం ముందు కూర్చుని ఉండగా.

వాడు చెయ్యి కడుక్కుని లేచాడు. నాగాయలంక వెళ్ళి రొయ్యల చెరువుల కాపలాకి కుదిరాడు. ఆర్నెల్లు తిరక్కుండా ఎదురుమొండి లంక నుంచి వస్తుంటే నాటు పడవ బోల్తా పడింది. మనిషి దొరకలేదు.

అప్పట్నుంచీ రామలక్ష్మి ఒక్కతే దిగేది. లోతు వైపు నీళ్ళ అడుగున శోభనాద్రి ఒక గుంజ పాతి, దానికి కొస ఎలా కట్టాలో నేర్పాడు. రెండేళ్ళలో ఒక్క గుడ్డ కూడా పోలేదు. "అదీ నా ముడి!" అని మీసం దువ్వుకునేవాడు.

ఇలా ఉండగా, రెండువేల ఐదు కార్తీకంలో, చెన్నై కంపెనీ వాళ్ళు పెద్ద ఆర్డరిచ్చి ఒక మెలిక పెట్టారు. పారే నీళ్ళలో గుడ్డ జాడిస్తుండగా రోజూ ఒక ఫొటో నెట్‌లో పంపాలిట. రంగు ఉన్నది ఉన్నట్టు కనపడాలి. మనుషులు పడకూడదు.

శోభనాద్రి బస్సెక్కి బందరు కోనేరు సెంటర్లో నరేంద్ర స్టూడియోకి వెళ్ళాడు. నరేంద్ర పెడన కుర్రాడే, వరస కలిపి మాట్లాడతాడు.

"రోజువారీ వాడకానికా మావయ్యా, ముచ్చటకా?"

"రోజూనే. ఆదివారం కూడా."

"అయితే తళుకు చూడకు. మూడు డిజిటల్ కెమెరాలిస్తా, ఒక్కోటీ ఒకరోజు వాడు. ఏది చేతికి కుదిరితే అది ఉంచుకో."

మొదటిది ఇటుకంత ఉంది. బొమ్మ బాగానే వచ్చింది గానీ దాని బ్యాటరీ రాత్రంతా ఛార్జింగ్ పెట్టాలి. మా పెడన కరెంటు సంగతి మీకు తెలీదు, అత్తారింటికొచ్చిన అల్లుడిలా ఎప్పుడొస్తుందో ఎప్పుడు అలిగిపోతుందో. రెండోది వెండి రంగులో చొక్కా జేబులో పట్టేది. కానీ శోభనాద్రి వారం రోజులు కష్టపడి తెచ్చిన ఎరుపుని అది బత్తాయి తొక్క రంగు చేసి పారేసింది.

మూడోది గుడివాడ సరుకు. ఎవరో పెళ్ళికని కొని, నెల తిరక్కుండా వెనక్కిచ్చేశారు. ఎందుకిచ్చారో నరేంద్ర అడగలేదు. రెండు పెన్సిల్ సెల్స్ వేస్తే చాలు, కిరాణా కొట్లో దొరికేవే. మణికట్టుకి తగిలించుకునే తాడుంది. ఎరుపు ఎరుపే, నలుపు నలుపే. శోభనాద్రి మనసు దాని మీదే పడింది.

మర్నాడు పొద్దున్నే కాలవ గట్టెక్కి తీశాడు. రామలక్ష్మి తన కొస మీద రాయి పెట్టి పక్కకి తప్పుకుంది. ఎండలో కెమెరా వెనక అద్దం నల్లగా తప్ప కనపడదు. అందాజున నొక్కి, మధ్యాహ్నం బందరు తీసుకెళ్ళాడు. నరేంద్ర దాన్ని కంప్యూటర్లో పెట్టి చూశాడు.

"మనుషులు పడకూడదన్నావు, ఈయనెవరు మావయ్యా?"

బొమ్మలో ఎడమ చివర ఒక మనిషి నీళ్ళలో వంగి ఉన్నాడు. తలకి ఎర్ర తువ్వాలు. ముఖం నీళ్ళ వైపు. చేతిలో గుడ్డ కొస ఉంది.

"అక్కడెవరూ లేరురా."

"లేకపోతే కొస పట్టుకున్నదెవరు?"

శోభనాద్రి బొమ్మ వంక చాలాసేపు చూశాడు. అలవాటు చొప్పున దాన్ని మనసులో తిరగేశాడు. కెమెరా డబ్బా లోపల పడిన బొమ్మ కూడా అచ్చులాంటిదే అనుకున్నాడు. అచ్చులో ఎడమంటే కాలవలో కుడి. తను ఫొటో తీసిన చోట్నుంచి కుడంటే గట్టు వైపు. అంటే రామలక్ష్మి నిలబడే చోటు. రోజూ తన భార్య కాళ్ళు పెట్టే నీళ్ళలో, ఆమె పక్కకి తప్పుకోగానే, ఇంకెవరో నిలబడుతున్నారు.

ఆమెకి చెప్పలేదు. చెబితే భయపడి మంచం పడుతుందని. ఆర్డరు పోతే పోయింది, నువ్వు దిగొద్దు అందామంటే, ఎందుకని అడుగుతుంది. మర్నాడు, "లోతు కొస నువ్వు పట్టుకో, గట్టు కొస మీద రాయి పెడదాం" అన్నాడు.

"ఇరవయ్యేళ్ళ నుంచి నిలబడే చోటయ్యా, ఇదేం తిక్క?"

"ఫొటోకి వెలుతురు చాలట్లేదు."

ఆమె గొణుక్కుంటూ అటు వెళ్ళింది. కాసేపటికి, "ఏవయ్యా, ఇక్కడ నీళ్ళు వెచ్చగా ఉన్నాయేంటి? ఎవరో ఇప్పుడే లేచెళ్ళిన పీట మీద కూర్చున్నట్టుంది" అంది.

ఆ రోజు బొమ్మలోనూ ఎర్ర తువ్వాలు ఎడమ చివరే ఉంది. ఈసారి కొస చేతిలో లేదు. చెయ్యి బొమ్మ అంచు దాటి బయటికి చాచి ఉంది, దేన్నో అందుకోబోతున్నట్టు. శోభనాద్రి మళ్ళీ తిరగేసుకుని ఊపిరి పీల్చుకున్నాడు. అది గట్టు వైపుంది, ఆమె లోతు వైపుంది. తప్పించాను అనుకున్నాడు.

సాయంత్రం మా అరుగు మీదకొచ్చి ఈ ముక్కంతా చెప్పి, "బాబాయ్, నువ్వు కొరివి దెయ్యంతో బీడీ కాల్చినవాడివి. రేపు పొద్దున్న కాస్త తోడు రావూ?" అన్నాడు.

ఇక్కడ మీకొక నిజం చెప్పాలి. ఆ రోజు ఎదురైంది కొరివి దెయ్యం కాదు, కాగడా పట్టుకుని పీతలు వేటాడుకునే మనిషి. బీడీ అంటించుకున్నదీ లేదు. నేను బీడీ, చెప్పులు, పై పంచె అక్కడే వదిలేసి ఊరి పొలిమేర దాకా ఒకటే పరుగు. చెప్పులు ఆయనే తెచ్చిచ్చాడు. అందుకని శోభనాద్రితో, "వచ్చేవాణ్ణేరా, మోకాళ్ళ నొప్పులు" అన్నాను. మోకాళ్ళకి నొప్పి లేదు. వణుకుతున్నాయంతే.

మూడో రోజు ఒక్కడే వెళ్ళాడు. రామలక్ష్మి లోతు కొస వదిలి పక్కకి తప్పుకుంటూ, "కొంగు తడిసి లాగేస్తోందయ్యా, తొందరగా కానీ" అంది. నొక్కాడు. ఆమెని మిగిలిన గుడ్డలు జాడిస్తూ ఉండమని బందరు బస్సెక్కాడు.

నరేంద్ర బొమ్మ తెరిచాడు. ఎర్ర తువ్వాలు ఎడమ చివరే ఉంది. చాచిన చేతికి ఈసారి అందింది. పిడికిట్లో ఆకుపచ్చ చీర కొంగు.

"ఇది మీ అత్త చీరే. కానీ ఆవిడ ఇటు లేదు కదరా, అటు కదా ఉంది?" అన్నాడు శోభనాద్రి.

"ఎటు?"

"అచ్చు తిరగేస్తే ఇది గట్టు వైపు..."

నరేంద్ర అతని భుజం మీద చెయ్యి వేశాడు. "మావయ్యా, ఇది అచ్చు కాదు. గుడ్డ. గుద్దేశాక వచ్చేది. ఎడమంటే ఎడమే."

రెండు రోజుల్నుంచీ శోభనాద్రి తప్పించింది లేదు. చేజేతులా తీసుకెళ్ళి దాని పక్కన నిలబెట్టాడు. నరేంద్ర ఆ బొమ్మని కాగితం మీద తీసి అతని జేబులో కుక్కి, మోపెడ్ తాళం చేతిలో పెట్టాడు. బందరు నుంచి పెడన దాకా శోభనాద్రి ఎలా నడిపాడో అతనికే తెలీదు.

రామలక్ష్మి లోతు కొస దగ్గరే ఉంది, నడుంలోతు నీళ్ళలో.

"పైకి రా! వచ్చెయ్! గుడ్డ వదిలెయ్!"

ఆమె నింపాదిగా వచ్చింది. అతను బొమ్మ చూపించాడు. ఆమె చేతులు తుడుచుకుని కాగితం అందుకుంది. భయపడలేదు. ఆ చేతినే చూసింది.

"ఎడం చెయ్యి," అంది. "చూడు, గుడ్డ కొస మణికట్టుకి రెండు చుట్లు తిప్పుకుని మరీ నా కొంగు పట్టుకున్నాడు. అంకమ్మరావు కాక ఇంకెవరు?"

మూడు రోజులూ శోభనాద్రి ఆ చేతిని చూశాడు. తిరగేసుకుని కుడిచెయ్యి అనుకున్నాడు. బావమరిది ఎడం చేతివాటం వాడని గుర్తురాలేదు.

"నిన్ను లాక్కెళ్ళడానికొచ్చాడే!"

"లాక్కెళ్ళడానికి కాదు. నేను నిలబడ్డ చోటికి రెండడుగులవతల గొయ్యి పడింది. నువ్వేమో అటే నిలబడమన్నావు. చిన్నప్పుడూ అంతే, నేను లోతుకి వెళ్తుంటే కొంగు పట్టుకుని వెనక్కి లాగేవాడు." ఆమె కాగితం మడిచింది. "నీ గుంజ మొదటి నెలే కొట్టుకుపోయిందయ్యా. చెబితే నన్ను దిగనివ్వవని చెప్పలేదు. రెండేళ్ళుగా ఆ కొస నేను దేనికీ కట్టలేదు. ఊరికే నీళ్ళలోకి వదులుతాను. అది అక్కడే బిగుసుకుని నిలబడుతుంది."

గట్టు మీద తుమ్మ చెట్టు నీడ నీళ్ళలో కదులుతోంది. వదిలేసొచ్చిన గుడ్డ మాత్రం కదల్లేదు. రెండో కొస లోతు వైపు నీళ్ళలోకి దిగి, తాడులా బిగుసుకునే ఉంది.

"ఈ కెమెరా ఉంచుకుందాం," అన్నాడు శోభనాద్రి. "రోజూ కనపడతాడు."

"రోజువారీ వాడకానికి కదూ కొంటున్నావు?" అంది రామలక్ష్మి. "మనం రోజూ చూస్తే వాడు రోజూ రావాలి. వాడికి ఇంకెంత కాలమయ్యా చాకిరీ? ఆ ఇటుకంత దాన్నే తెచ్చుకో. ఛార్జింగ్ నేను పెడతాలే."

శోభనాద్రి చొక్కా విప్పి గట్టు మీద పడేసి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి గుడ్డ జాడించడానికి కాలవలోకి దిగాడు. లోతు వైపు వెళ్ళి కొస పట్టుకున్నాడు. రాలేదు. ఇంకోసారి లాగాడు. అవతల మనిషి పట్టు ఎలా ఉంటుందో అలాగే ఉంది.

"వదలరా," అన్నాడు. "ఆ రోజు కంచం ముందు అన్న మాట తప్పు. నీ అంత గట్టిగా కొస పట్టినవాడు పెడన మొత్తంలో లేడు. ఇకనుంచి నేను పట్టుకుంటా. వదిలెయ్."

కాసేపు ఏమీ లేదు. తర్వాత గుడ్డ మెల్లిగా ఒక చుట్టు వదులైంది. ఇంకో చుట్టు. కొస శోభనాద్రి చేతిలోకి వచ్చింది. అతను దాన్ని మణికట్టుకి రెండు చుట్లు తిప్పుకున్నాడు. నీళ్ళు అప్పటికే చల్లబడ్డాయని చెప్పాడు నాతో.

ఇటుకంత కెమెరాతోనే ఆ ఆర్డరు పూర్తి చేశారు. గుడివాడ కెమెరా ఎక్కడుందో నన్నడక్కండి. నరేంద్ర దాన్ని బీరువా పై అరలో పెట్టి సెల్స్ తీసేశాడట.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే, ఎర్ర తువ్వాలు. వంగిన వీపూ, నీళ్ళ వైపు ముఖమూ కూడా దానితో పాటు నేను పెట్టినవే, కాబట్టి మూడూ కలిపి ఒకటిగా లెక్కేసుకోండి. మొదట్లోనే ఉన్నది ఉన్నట్టు చెబితే మీరు కథ వదిలేసి లేచిపోతారని పెట్టాను. ఆ కాగితం నేను కళ్ళారా చూశాను. తువ్వాలు చుట్టడానికి అందులో తలే లేదు. నీళ్ళలోంచి మోచేతి దాకా బయటికొచ్చిన ఎడం చెయ్యి ఒక్కటే ఉంది.