ఈశాన్యంలో గోల్ఫు గుంత

రేగొండ వైపు గోల్ఫు గురించి తెలిసినవాడు ఒక్కడూ లేడంటే ఇప్పుడు చెల్లదు. యాకయ్యకు తెలుసు. ఏడో తరగతి నడుమ బడి మానేసి, తట్ట మోసి, ఆ తర్వాత సొంతంగా సిమెంటు ఇటుకలు పోసి అమ్ముకుంటున్న యాకయ్య, యాభై దాటాక ఇంటి వెనక ప్లాస్టిక్ గడ్డి పరిపించి గోల్ఫు ఆడే జాగా కట్టించాడు. ఆడుకోవడానికి కాదు. మోరి తప్పించుకోవడానికి.

వాడకట్టు మురికినీళ్లు ఇన్నేళ్లూ నడిబజార్లోనే పారాయి. ఎవరికీ ఏమీ అనిపించలేదు. తీరా మోరి మంజూరయ్యాక అందరికీ కంపు తెలిసొచ్చింది. ఆ మోరి ఇళ్ల వెనకున్న వాగులో కలవాలంటే రెండు పెరళ్లలో ఏదో ఒకటి దాటాలి. ఒకటి యాకయ్యది. గోడ అవతలిది అతని పెదనాన్న కొడుకు నగేశ్‌ది. నగేశ్ సర్కారు బడిలో పంతులు. మాట్లాడితే మెల్లగా, నవ్వితే పళ్లు కనపడకుండా ఉండే మనిషి. మోరి తన వైపు రాకూడదని ఇంగ్లీషులో కాగితం పెట్టాడట. ఇక యాకయ్యకు నిద్ర ఎక్కడిది? ఇంగ్లీషు కాగితం ముందు తెలుగు మనిషి ఏనాడు గెలిచాడు?

యాకయ్య పెరడు వట్టి పెరడు కాదు. ఇటుకలు పోసేది అక్కడే, నీళ్లు కొట్టి ఆరబెట్టేది అక్కడే, ట్రాక్టరు తిప్పుకునేది అక్కడే. నడుమ నుంచి మోరి వస్తే ట్రాక్టరు తిరగదు. ట్రాక్టరు తిరక్కపోతే ఇటుకలు కదలవు. ఇటుకలు కదలకపోతే యాకయ్య మళ్లీ తట్ట ఎత్తుకోవాలి, అదీ నగేశ్ చూస్తుండగా.

మోరి ఎటు తీయాలో తేల్చే ఇంజినీరు జాన్ సారును కలుద్దామని భూపాలపల్లి పోయాడు. తలుపు సందులోంచి చూస్తే జాన్ సారు గదిలో నిలబడి, వంగి, చేతిలో సన్నటి కర్రతో ఒక తెల్లబంతిని మెల్లగా తడుతున్నాడు. నేలమీద అడ్డంగా పడుకోబెట్టిన స్టీలు గ్లాసు దాకా పోయి బంతి పక్కకు తప్పుకుంది. సారు ముఖం వాడిపోయింది.

“ఏందన్నా గది?” అని అటెండరును అడిగాడు యాకయ్య.

“గోల్ఫు. సారుకు పానం. గీడ ఆడుదామంటే జాగ లేదని పరేషాన్ అయితుండు.”

“సారు... ఏమన్న దీసుకుంటడా?”

“ఏం దీసుకోడు. మొన్న ఒకడు నాటుకోడి దెస్తే, కోడిని వాని సంకలనే వెట్టి ఎల్లగొట్టిండు.”

యాకయ్య బుర్రలో దీపం వెలిగింది అక్కడే. కోడిని వద్దన్న మనిషి ఆటను వద్దనడు. ఆటను ఎవడూ జేబు తడిమి పట్టుకోలేడు.

ఆ వారమంతా ఫోనులో వీడియోలు చూశాడు. ఎక్కడో ఒక తెల్లాయన నిక్కరు వేసుకుని, తన పెరట్లో తానే మన్ను తవ్వి, కంకర పోసి, దాని మీద రాతిపొడి పరిచి చదును చేసి, పైన గడ్డి తివాచీ వేసుకుంటున్నాడు. మాటలు తెలియకపోయినా పని తెలిసింది. ఇలాంటి పనులు యాకయ్య జీవితమంతా పరాయి వాళ్లకు చేసిపెట్టాడు. ఇటుకలన్నీ రోడ్డు పక్కకు మార్చి, తండా నుంచి మేస్త్రీ దేవ్యాను పిలిపించాడు. ఇటుకల జాగా కాపాడుకోవడానికి ఇటుకల పని ఆపాడన్నమాట. అందులో వింత ఉందని అతనికి అప్పుడు తోచలేదు.

మొదటి రోజే పేచీ వచ్చింది.

“గుంత యాడ తోడాలె అన్నా?” అన్నాడు దేవ్యా.

యాకయ్య వీడియో చూసి లెక్క కట్టుకున్న మూలను చూపించాడు. “గాడ. గా మూలకు.”

దేవ్యా చేతిలో పార కింద పెట్టాడు. “గది నైరుతి అన్నా.”

వాకిట్లో బియ్యం చెరుగుతున్న స్వరూప చాట పట్టుకునే లేచి వచ్చింది. “నైరుతిల గుంత తోడుతవా? నన్ను ముండమోపిని చేద్దామనా?”

“ఓ పిచ్చిదానా, గది బంతి పడే గుంత. జానెడు గూడ ఉండదు.”

“జానెడైతే ఏంది, బారెడైతే ఏంది? గుంత గుంతనే.”

“ఫోన్ల గాయన ఎటువడితె అటు తోడిండు. ఏమైంది? మంచిగనే ఉన్నడు.”

“ఏం మంచిగున్నడు? పెండ్లాం లేదు, పిల్లలు లేరు, ఒక్కడే నిక్కరేసుకొని మన్ను తవ్వుకుంటుండు. నువ్వు జూసినవా ఆయన ఇంట్ల ఎవలన్న ఉన్నట్టు?”

యాకయ్య ఫోను తీసి మళ్లీ చూశాడు. నిజంగానే ఆ వీడియోలో ఇంకో మనిషి లేడు. గుంత ఈశాన్యానికి మారింది.

తర్వాత వాటం దగ్గర, అంటే నేల ఎటు వాలాలన్న దగ్గర, ఇంకో పేచీ. కంకరలోంచి నీళ్లు కిందికి దిగిపోతాయి కాబట్టి నేల చదునుగా ఉండాలని యాకయ్య వాదన. వాటం లేని నేల పోస్తే మేస్త్రీ అని చెప్పుకోలేనని దేవ్యా వాదన.

“నీళ్ళు ఈశాన్యానికి వోవాలె అన్నా. మా నాయిన గట్లనే పోసిండు, నేను గట్లనే పోస్త. రేపు ఎవడన్న వచ్చి, గీ నేల ఎవడు పోసిండంటే నా ఇజ్జత్ ఏం గావాలె?”

ఆ పెరడు పుట్టుకతోనే తేడా. వాన పడితే నీళ్లన్నీ నైరుతి మూలకు పోయి నిలిచేవి. బర్రె చచ్చినా, బోరు ఎండినా, యాకయ్యకు మోకాలు పట్టేసినా స్వరూప ఆ మూలనే తిట్టేది. ఇప్పుడు దొరక్క దొరక్క అవకాశం దొరికింది. ఆమె చెప్పిందే సాగింది. ట్రాక్టర్లకొద్దీ మొరం తెచ్చి నైరుతిని లేపారు. దిమ్మిసతో కొట్టి, కంకర, రాతిపొడి వేసి, ఈశాన్యానికి చక్కటి వాటం పెట్టారు. హైదరాబాద్ నుంచి తెచ్చిన పొట్టి గడ్డి అతికించి, గుంతలో నాలుగంగుళాల పైపు ముక్క దింపారు.

గుంతలో గుడ్డ జెండా పాతాల్సి వచ్చినప్పుడు మాత్రం అందరూ కాసేపు ఆలోచించారు. ఏ రంగు తీసినా ఏదో ఒక పార్టీదే. చివరికి స్వరూప పాత పూల నైటీ ముక్క కట్టారు. దానికి ఎవరూ అభ్యంతరం చెప్పలేరు.

యాకయ్య కర్ర పట్టుకుని మొదటి బంతి తట్టాడు. పోయి గుంతలో పడింది. దేవ్యా తట్టాడు. పడింది. స్వరూప చీపురు తిరగేసి తోసింది. అదీ పడింది. యాకయ్యకు చాలా ఏళ్ల తర్వాత కడుపు నిండినట్టయింది. “గింతేనా గోల్ఫంటే? గీ ఆటకేనా సదువుకున్నోళ్ళు అంత బడాయి?” అన్నాడు, గోడ అవతలికి వినపడేలా.

ఆదివారం పొద్దున జాన్ సారు వచ్చాడు. మోరి సంగతి ఎత్తకుండా చాయ తాగుదురు రమ్మని పిలిచాడు యాకయ్య. పెరట్లో అడుగు పెట్టగానే సారు నోరు తెరిచాడు.

“ఇదేంటి యాకయ్య గారూ, మీరు గోల్ఫ్ ఆడతారా?”

“ఏదో జర పానం తేలికైతదని సార్. మీరు గూడ ఒక దెబ్బ కొట్టుండ్రి.”

గోడ మీద నగేశ్ తల లేచింది. “ఏంది తమ్మీ, తివాచీలు పరిచినవ్, లగ్గమా?”

“నీకెందుకన్నా, నువ్వు కాగితాలు రాసుకో” అన్నాడు యాకయ్య తియ్యగా.

సారు వంగి, కళ్లు చిట్లించి, ఊపిరి బిగబట్టి బంతిని తట్టాడు. పడింది. గంతేసినంత పని చేశాడు. రెండోది కొట్టాడు. పడింది. దూరం పోయి కొట్టాడు, పక్కనుంచి కొట్టాడు, అన్నీ పడ్డాయి. చాయ చల్లారిపోయింది. ఆ మనిషి ముఖం చూస్తే యాకయ్యకు మోరి నగేశ్ పెరట్లో పారుతున్న చప్పుడు వినిపించింది.

తర్వాత సారు ఒక బంతిని గుంతకు ఎదురు దిక్కుకు కొట్టాడు. అది కొంతదూరం ఎక్కి, ఆగి, తిరిగొచ్చి గుంతలో పడింది. సారు నవ్వు ఆగింది. గొంతుక్కూర్చుని నేలను అటూ ఇటూ చూశాడు. ఇప్పుడు ఆయన ఆటగాడు కాదు, ఇంజినీరు.

“ఈ వాటం ఎవరు పెట్టారు?”

“నేనే సార్. ఈశాన్యానికి” అన్నాడు దేవ్యా ఛాతీ విరిచి.

“ఇంతకు ముందు ఇట్లా లేదు కదా?”

“లేకుండె సార్” అని స్వరూప అందుకుంది. “నీళ్ళన్నీ నైరుతిలనే నిలిచేటియి. ఎన్ని మొరం ట్రాక్టర్లు వోసినమో మీకు తెల్వది.”

జాన్ సారు లేచి యాకయ్య రెండు చేతులూ పట్టుకున్నాడు. “మీరు నా నెత్తిమీద బరువు దించారండీ. మొదటి సర్వేలోనే మీ పెరడును పక్కన పెట్టేశాం. వాగు ఈశాన్యం వైపుంటే మీ నేలేమో నైరుతికి వాలి ఉండె. ఇటునుంచి నీళ్లు పోనే పోవు. అందుకని పంతులు గారి పెరడే ఖాయం చేసుకున్నా. కానీ అక్కడ తాగే నీళ్ల బోరుంది. దాని పక్కనుంచి మోరి తీయాలంటే మనసు ఒప్పుకోవడం లేదు.”

యాకయ్య చేతులు వెనక్కి లాక్కున్నాడు. “అంటే సార్... నేనేం జెయ్యకుంట ఉంటే?”

“ఏమీ చేయకుంటే మీ జోలికి వచ్చేవాళ్లమే కాదు.”

గోడ మీది తల ఇప్పుడు పళ్లు కనపడేలా నవ్వుతోంది.

“సార్, ట్రాక్టర్ దిరగది సార్. నా ఇటుకల పని...”

“ఇటుకలా? ఇట్లా గడ్డి పరిచాక ఇంకా ఇటుకలేంటి? పని మానేసి విశ్రాంతి తీసుకుంటున్నారనే అనుకున్నా.” సారు నిజంగానే ఆశ్చర్యపోయాడు.

“బంతి మాట నమ్మకుండ్రి సార్. గది ఉత్త ప్లాస్టిక్ గడ్డి. ఇయ్యాల ఇటు దొర్లుతది, రేపు అటు దొర్లుతది.”

“అయితే మీరే కొట్టి చూపించండి.”

కర్ర చేతిలోకి వచ్చింది. యాకయ్య గుంతకు వీపు తిప్పి నిలబడ్డాడు. నైరుతి గోడనే చూస్తూ, పళ్లు బిగించి, పారతో మన్ను ఎత్తిపోసినట్టు కొట్టాడు. బంతి ఎగువకు ఉరికింది. గోడ దాకా పోయి, మెల్లబడి, అక్కడ ఆగినంత పని చేసింది.

“ఉండవే... గాడ్నే ఉండు” అన్నాడు యాకయ్య, బర్రెను బతిమాలినట్టు.

బంతి ఒక్క క్షణం ఉంది. తర్వాత తిరిగింది. తొందర లేకుండా, యాకయ్య కాళ్ల నడుమనుంచే దొర్లుకుంటూ పోయి టక్కున పైపులో పడింది.

జాన్ సారు చప్పట్లు కొట్టాడు. గోడ అవతల నగేశ్ ఇంకా గట్టిగా కొట్టాడు. నేల పోసింది తనే కాబట్టి దేవ్యా కూడా కొట్టాడు.