తనిఖీకి తెచ్చిన సోఫా

పదకొండింటికి కాలేజీ నుంచి మనిషి వస్తుందని తెలిసి కూడా పదిన్నర దాకా నేను లిఫ్టుల కంపెనీ ఆఫీసులోనే ఉండిపోయాను. మార్చి నుంచి మావారికి సగం జీతమే ఇస్తున్నామని వాళ్ళు రాసిచ్చే కాగితం కోసం. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. తలుపుల మధ్య పడి కుడిచేయి నలిగిపోయినప్పటి నుంచి ఆయన్ని స్టోర్లో కూర్చోబెట్టారు. మా అమ్మాయికి సీటొచ్చిన కాలేజీ ఫారం మాత్రం పోయిన ఏడాది ఆదాయమే అడిగింది. ఆ లెక్కన మాకు ఫీజు సహాయం రాదు. పరిస్థితి మారినవాళ్ళు విడిగా అర్జీ పెట్టుకోవచ్చని మా అమ్మాయే కనిపెట్టి పెట్టింది. ఇల్లు చూసి చెబుతామని జవాబు వచ్చింది. శుక్రవారం లోపు సహాయం ఖాయం కాకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. ఆ రోజు బుధవారం.

కాగితం పట్టుకుని మూడంతస్తులూ ఎక్కి తలుపు తీసేసరికి, ఎవరింట్లోకో వచ్చానేమో అనుకున్నాను.

కిటికీకి మెరూన్ రంగు పరదాలు. గోడవారగా మూడు సీట్ల సోఫా, ముందు అద్దం బల్ల, దాని కింద తివాచీ. వంటగట్టు మీద ఓవెన్. మా ప్లాస్టిక్ కుర్చీలూ మడతమంచం ఎక్కడా లేవు. సోఫా కొసన మావారు కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని, హెడ్మాస్టరు గది ముందు కూర్చున్నవాడిలా కూర్చున్నారు.

"ఏమిటండీ ఇదంతా?"

"అమ్మనడుగు," అన్నారు గోడవైపు చూస్తూ.

అత్తయ్య వంటగదిలోంచి వచ్చారు. చేతిలో బంగారు అంచున్న కప్పులు, అవీ మావి కావు.

"కింద కరెంటమ్మ సోఫా ఇచ్చింది, ఎదురింటి నర్సమ్మ ఓవెనూ పరదాలూ ఇచ్చింది. సాయంత్రం ఇచ్చేద్దాం. ఏం, అలా గుడ్లప్పగించి చూస్తావ్? ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు."

కరెంటమ్మ అంటే ఎలక్ట్రీషియన్ భార్య. బిల్డింగులో ఆవిడకి అదే పేరు.

"అత్తయ్యా, వాళ్ళొచ్చేది మన దగ్గర లేదని చూడ్డానికి!"

"లేదని ఎవరైనా చాటుకుంటారా? మీ మామయ్య కొట్టుకి బ్యాంకువాడు వచ్చినప్పుడూ ఇలాగే సర్దాను. ఇచ్చాడా, లేదా?"

"అది అప్పు. ఉన్నవాళ్ళకిస్తారు. ఇది సహాయం."

"ఇచ్చే చెయ్యి ఏదైనా ఒకటే. నిలబడతారనుకున్న ఇంటికే ఇస్తుంది."

"పొద్దున్నుంచీ చెప్తున్నానమ్మా," అంది లోపల్నుంచి మా అమ్మాయి. దాన్ని ఇంట్లో పిచ్చుక అంటాం. "నాన్నమ్మ వింటేగా!"

పదకొండుకి ఇంకా పన్నెండు నిమిషాలుంది. పరదాలు లాగేయమని పిచ్చుకకి చెప్పి సోఫా ఒక కొస పట్టుకున్నాను. రెండో కొస పట్టుకోమని మావారితో అనబోయి, కట్టు చూసి ఊరుకున్నాను. పిచ్చుకే వచ్చి పట్టుకుంది. సగం దూరం జరిపామో లేదో తలుపు చప్పుడైంది. అది మూసి లేదు.

వచ్చినావిడకి నలభై ఏళ్ళుంటాయి. భుజాన నల్ల సంచి, చేతిలో అట్టకి బిగించిన ఫారం. గుమ్మంలోనే నిలబడి మమ్మల్నీ సోఫానీ చూసింది.

"ఇల్లు మారుతున్నారా?"

"లేదండీ," అన్నాను.

"మరి సోఫా ఎక్కడికి?"

నేను నోరు తెరిచేలోపే అత్తయ్య ముందుకొచ్చారు. "ఊడుద్దామని జరిపారమ్మా. రా, కూర్చో. కొని రెండేళ్ళయింది, ఇంకా చెక్కుచెదరలేదు."

ఆవిడ కూర్చోలేదు. "రెండేళ్ళు," అని మెల్లగా పలుకుతూ రాసుకుంది. తివాచీ రాసింది, అద్దం బల్ల రాసింది. వంటగది దాకా వెళ్ళి ఓవెన్‌కి ఫొటో తీసింది.

"అవి మావి కావండీ," అన్నాను.

ఆవిడ ఫోన్ సంచిలో వేసుకుంది. "అమ్మా, ఈ వారం ఇది పదహారో ఇల్లు. ఒకరింట్లో ఫ్రిజ్ అన్నగారిదట, ఒకరింట్లో కారు బావమరిదిదట. ఇక్కడ మీరిద్దరూ సోఫా మోస్తుంటే నేను వచ్చాను. పెద్దావిడేమో కొన్నామంటున్నారు. ఏం రాయాలో మీరే చెప్పండి."

కంపెనీ కాగితం ఇచ్చాను. రెండుసార్లు చదివింది. "ఇది నిజమే కావచ్చు. కానీ సగం జీతంతో నడిచే ఇల్లు ఇలా ఉండదు కదా."

మావారు నేలచూపులు చూస్తున్నారు.

మా అత్తయ్య అబద్ధం చెప్పారని అనొచ్చు. పందొమ్మిదేళ్ళ కాపురంలో పరాయివాళ్ళ ముందు ఆవిడ మాట నేనెప్పుడూ కొట్టెయ్యలేదు. దాన్ని ప్రేమనలేను, అలా నడుపుకొచ్చాం. పైగా నేను చెబితే ఈ కాలేజీ ఆవిడ నమ్మదు. కోడలు అత్తగారి మీదికి తోస్తోందనుకుంటుంది.

"అత్తయ్యా, అది మీరే చెప్పాలి," అన్నాను.

అత్తయ్య కప్పులు బల్లమీద ఒకదాని పక్కన ఒకటి సర్దారు, మళ్ళీ సర్దారు. కాలేజీ ఆవిడ పెన్నుకి మూత పెట్టింది. "నాకింకా రెండిళ్ళున్నాయి," అంటూ గుమ్మం వైపు తిరిగింది.

"నాన్నమ్మా," అంది పిచ్చుక. అంతకుమించి ఏమీ అనలేదు.

అత్తయ్య చరచరా ఆవిణ్ణి దాటుకుని బయటికెళ్ళారు. మెట్ల దగ్గర రెయిలింగు పట్టుకుని కిందికి వంగి అరిచారు.

"ఏమ్మోయ్ కరెంటమ్మా! నీ సోఫా నువ్వు తీసుకుపో! అరువు సొగసు చాలు మాకు!"

మూడంతస్తుల్లోనూ తలుపులు తెరుచుకున్నాయి.

"అప్పుడే అయిపోయిందా మామ్మగారూ? సాయంత్రం దాకా అన్నారుగా!" కింద నుంచి గొంతు. "టీ ఏం ఒలకలేదు కదా?"

ఎదురింటి తలుపులోంచి నైట్ డ్యూటీ చేసొచ్చిన నర్సమ్మ నిద్రమొహంతో తొంగిచూసింది. "ఓవెన్ కూడా అయిపోయినట్టేనా? ఏమైనా వండారా అసలు?"

కరెంటమ్మ ఆయాసపడుతూ పైకొచ్చి, గదిలో కొత్తమనిషిని చూసి, అడక్కుండానే సోఫా దిండు తిరగేసింది. వెనక బాల్‌పెన్నుతో రాసిన ఎక్కాలు. "మా పెద్దపిల్ల చేసిన నిర్వాకం ఇది. ఏడో ఎక్కం తప్పు కూడాను. వీళ్ళ పిచ్చుకైతే ఇలా రాస్తుందా?"

కాలేజీ ఆవిడ నవ్వలేదు. అత్తయ్య వైపు తిరిగింది. "పెద్దమ్మగారూ, మీరు కొన్నామన్నారు. నేను రాసుకున్నాను. అది కొట్టెయ్యాలంటే మీ చేతిరాతతో కాగితం కావాలి."

పిచ్చుక నోటుబుక్కు తెచ్చింది. రాయడానికి అత్తయ్య ఆ సోఫాలో కూర్చోలేదు. వంటగట్టు దగ్గర నిలబడే రాశారు. మధ్యలో తలెత్తారు. "కోడలికి తెలియకుండా తెచ్చానని కూడా రాయనా?"

"నిజమైతే రాయండి."

రాశారు. మామయ్య పేరు రాసి, దాని కింద తన పేరు రాసి సంతకం చేశారు.

తర్వాత ఒక్కొక్కటీ గుమ్మం దాటి వెళ్ళిపోయాయి. డాబా మీద నుంచి మా కుర్చీలు దింపాం. కాలేజీ ఆవిడ వాటిలో ఒకదాని మీద కూర్చుని, కొత్త ఫారం తీసి మొదటి పేజీ నుంచి మొదలుపెట్టింది. అద్దె రసీదులు, కరెంటు బిల్లు, ఆస్పత్రి చీటీలు, ఎంతమంది పడుకుంటారు, ఎక్కడ పడుకుంటారు. గంట పట్టింది. వెళ్తూ, "చూసింది రాస్తాను. నిర్ణయం నాది కాదు," అంది. మంచికో చెడుకో ఆ మొహంలో ఏమీ తెలియలేదు.

అత్తయ్య ఆ రోజూ మర్నాడూ నాతో మాట్లాడలేదు. పెట్టింది తిన్నారు, కంచం తనే కడుక్కున్నారు.

శుక్రవారం మధ్యాహ్నం పిచ్చుక ఫోన్‌కి కబురొచ్చింది. మొదటి వాక్యం పైకి చదవబోయి ఆగి ఫోన్ నా చేతిలో పెట్టింది. మొదటి ఏడాది ఫీజు మొత్తం ఇస్తారు. హాస్టల్‌కి మాత్రం రూపాయి కూడా ఇవ్వరు.

"అంటే ఇంటి నుంచే వెళ్ళిరావాలి," అన్నారు మావారు. "పోను రెండు గంటలు, రాను రెండు గంటలు."

"వెళ్తాను," అంది పిచ్చుక.

అత్తయ్య కిటికీ దగ్గర్నుంచి లేచి వచ్చారు. "బస్సులో నిద్రపోకు. స్టాపు దాటిపోతావ్," అన్నారు దానితో. తర్వాత నా వైపు చూశారు. "మొదటి బస్సు ఎన్నింటికి?"

"అయిదూ నలభైకి."

"అయితే నాలుగున్నరకి లేవాలి," అన్నారు. "నేను లేపుతాలే."